అందం ప్రకటనలు – తెలుసుకునే హక్కు

(హన్మకొండలో జరిగిన మహిళల సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



పొద్దున కాజీపేటలో దిగి ఆటోలో వస్తూ దారి పొడుగునా బోర్డులు చదువుకుంటూ వచ్చాను. ఒకప్పుడు ఈ దారిలో బట్టల కొట్లవీ ఇంటర్మీడియట్ కాలేజీలవీ బోర్డులు ఎక్కువ కనిపించేవి. ఇప్పుడు వాటి సరసన చర్మం, జుట్టు, బరువు క్లినిక్కుల బోర్డులు చేరాయి. "కోత లేదు, కుట్టు లేదు", "గంటలో ఇంటికి", "పెళ్లికూతురి ప్యాకేజీ" అంటాయి. పక్కన "ముందు – తర్వాత" అని రెండు ముఖాలు. పండుగ ముందు దినపత్రిక మడత విప్పితే అందులోంచి ఇలాంటి కరపత్రమే జారి పడుతుంది. బతుకమ్మకు తగ్గింపు ధర అట! ఇక చేతిలో ఫోను ఉన్న పిల్లలకైతే అడగకుండానే రోజంతా ఇవే.

ఈ ప్రకటనలకు ఒక నీతి, నియమం ఉండాలా, ఉంటే ఎవరు పెట్టాలి, ఉన్న చట్టాలు ఎందుకు అక్కరకు రావడం లేదు అన్న విషయం మాట్లాడమని నన్ను అడిగారు. నేను లాయరును కాను, డాక్టరునూ కాను. స్త్రీల ఆరోగ్య సమస్యల మీద పనిచేస్తూ చదువుకున్నదీ, చూసినదీ చెబుతాను.

ముందుగా ఒక మాట. ఇలాంటి చోట్లకు వెళ్లే స్త్రీలను ఎగతాళి చేయడానికి మనం ఇక్కడ చేరలేదు. మంగు మచ్చలున్న మనిషి, గడ్డం మీద వెంట్రుకలు వచ్చి నలుగురిలోకి రావడానికి జంకే మనిషి వైద్యానికి వెళ్లడం తప్పెట్లా అవుతుంది? నల్లగా ఉందని పెళ్లిచూపుల్లో నాలుగుసార్లు కాదనిపించుకున్న పిల్లకు "బాహ్య సౌందర్యం ముఖ్యం కాదమ్మా" అని నీతులు చెప్పడం తేలిక. 1996లో బెంగుళూరులో ప్రపంచ సుందరి పోటీలు జరిగినప్పుడు వాటిని వ్యతిరేకించినవాళ్లలో స్త్రీల శరీరాన్ని సరుకు చేయడాన్ని ప్రశ్నించినవాళ్లూ ఉన్నారు, ఆడవాళ్లు ఒళ్లు కనబరచడమే నేరం అన్నవాళ్లూ ఉన్నారు. రెండోవాళ్లతో మనకు పొత్తు లేదు. 2025 మేలో అవే పోటీలు హైదరాబాదుకు వచ్చాయి. పోటీదారులను మన వేయిస్తంభాల గుడికీ, రామప్పకూ తీసుకొచ్చారు. రామప్ప దగ్గర మన ఆడవాళ్ల చేత వాళ్ల కాళ్లు కడిగించి తుడిపించిన దృశ్యం చూసి చాలామందిమి బాధపడ్డాం. అదే గుడిలో నల్లరాతి మదనికలను చూసి ఎంత అందం అని మురిసిపోయేదీ మనమే. రాతికి ఉన్న గౌరవం మన రంగుకు లేదు. సరే, విషయానికి వస్తాను.

ప్రకటనల్లో అన్నిటికన్నా పెద్ద అక్షరాల్లో ఉండే మాట "కోత లేదు" అనేది. అది అబద్ధం కాదు. కాని వినేవాళ్లకు అది "ప్రమాదం లేదు" అని వినిపిస్తుంది. ప్రకటన రాసేవాళ్లకు ఆ సంగతి తెలుసు. బొటాక్స్ అనేది బోట్యులినం అనే సూక్ష్మజీవి విడుదల చేసే విషం నుండి తయారైన మందు. కండరాన్ని కొంతకాలం పనిచేయకుండా చేస్తుంది. మూడు, నాలుగు నెలల్లో ప్రభావం తగ్గుతుంది, మళ్లీ పొడిపించుకోవాలి. ఫిల్లర్ అంటే బుగ్గల్లో, పెదవుల్లో సూదితో నింపే జెల్లు. అది పొరపాటున రక్తనాళంలోకి పోతే అక్కడి చర్మం చచ్చిపోవచ్చు, అరుదుగా చూపు కూడా పోయింది. పీల్ అంటే ఆమ్లంతో చర్మం పై పొరను ఊడదీయడం. ఇవన్నీ తెలిసిన డాక్టరు చేతిలో, అవసరమైన మనిషికి జరిగితే ఒక రకం. పండుగ తగ్గింపులో జరిగితే మరో రకం.

లేజరు సంగతి కాస్త వివరంగా చెప్పాలి, ఎందుకంటే మన ఊళ్లలో ఎక్కువగా అమ్ముడయ్యేది అదే. వెంట్రుకలో ఉండే మెలనిన్ అనే నల్లని రంగు పదార్థం లేజరు కాంతిని పీల్చుకుని వేడెక్కుతుంది. ఆ వేడికి వెంట్రుక కుదురు దెబ్బతింటుంది. యంత్రం పనిచేసే సూత్రం ఇదే. అయితే ఆ మెలనిన్ వెంట్రుకలోనే కాదు, చర్మంలోనూ ఉంటుంది. తెల్లని చర్మంలో తక్కువ, మన చర్మంలో ఎక్కువ. కాంతి రకాన్నీ, తీవ్రతనూ మన రంగుకు తగినట్టు ఎంచుకోకపోతే వెంట్రుకతో పాటు చర్మమూ కాలుతుంది. కాలినచోట నల్లమచ్చ పడి నెలల తరబడి ఉంటుంది. అందుకే చామనఛాయ, నలుపు చర్మాలకు 1064 నానోమీటర్ల తరంగాన్ని వాడే ఎన్‌డీ-యాగ్ లేజరు సురక్షితమైనదని చర్మవైద్యులు చెబుతారు. కరపత్రం మీద చూడండి, ఎవరి బొమ్మ ఉంటుందో! ఏ ఐరోపా పిల్లదో పాలవంటి ముఖం. ఫలితం ఆ ఒంటి మీదది, ప్రమాదం మన ఒంటి మీదది. పైగా "శాశ్వతంగా తొలగిస్తాం" అంటారు. అమెరికా ఆహార, ఔషధ సంస్థ ఈ యంత్రాల తయారీదార్లను వెంట్రుకలను "శాశ్వతంగా తగ్గిస్తుంది" అని చెప్పుకోనిచ్చింది కాని "శాశ్వతంగా తొలగిస్తుంది" అననివ్వలేదు. రెండింటికీ మధ్య ఎన్ని సిట్టింగులు, ఎంత డబ్బు ఉందో వెళ్లినవాళ్లకు తెలుసు.

మా దగ్గరి బంధువుల అమ్మాయి ఒకామె ఇలాగే వెళ్లింది. ఏ ఊళ్లో, ఏ క్లినిక్కులో అన్నది ఇక్కడ చెప్పను. నిశ్చితార్థానికి మూడు నెలలు ఉంది. పై పెదవి మీద, గడ్డం కింద వెంట్రుకలు. ఆరు సిట్టింగుల ప్యాకేజీ, డబ్బు నెలనెలా వాయిదాల్లో కట్టొచ్చు అన్నారు. మొదటి రోజు బల్ల వెనక డాక్టరు కూర్చుని మాట్లాడాడు. యంత్రం పట్టుకున్నది మాత్రం తెల్లకోటు వేసుకున్న ఇరవై ఏళ్ల పిల్ల. ఆ పిల్లను నేను తప్పుపట్టను. కొన్ని వారాలు నేర్పించి, తక్కువ జీతానికి నిలబెట్టి ఉంటారు. రెండో సిట్టింగు తర్వాత గడ్డం మీద చారలు చారలుగా కమిలిపోయింది. అడిగితే క్రీము రాసుకోమన్నారు. తగ్గకపోతే పీల్ చేద్దాం, తగ్గింపు ఇస్తాం అన్నారు. చేసిన గాయానికి కూడా ప్యాకేజీయే! ఆమె సంతకం చేసిన కాగితం నాకు చూపించింది. నాలుగు పేజీల ఇంగ్లీషు. కాలడం, మచ్చలు పడటం, రంగు మారడం అన్నీ అందులో రాసే ఉన్నాయి. కరపత్రంలో మాత్రం తెలుగులో ఒక్కటే మాట – "నొప్పి లేని మెరుపు".

ఫిర్యాదు చేద్దామా అని అడిగాను. "వద్దు పెద్దమ్మా. కంప్లైంట్ ఇస్తే పేరు బయటకొస్తది గదా. రేపు అత్తగారోళ్లకు తెలిస్తే ఏమని చెప్తం? ఉన్నది చాలదని ఇదొకటా?" అంది. ఈ వ్యాపారం దేని మీద నిలబడి ఉందో ఆ మాటలో ఉంది. రమ్మని పిలిచేదీ సిగ్గే, కాలిన తర్వాత నోరు మూయించేదీ సిగ్గే.

మన ఉద్యమానికి ఇది కొత్త ప్రశ్న కాదు. 1985లో మెదక్ జిల్లా పటాన్‌చెరులో నెట్-ఎన్ అనే గర్భనిరోధక సూదిమందును పేద స్త్రీల మీద ప్రయోగించబోతున్నారని తెలిసి హైదరాబాదు స్త్రీ శక్తి సంఘటన సభ్యులు అక్కడికి వెళ్లారు. అది ప్రయోగమని గాని, దాని దుష్ఫలితాలు ఇవీ అని గాని ఆ స్త్రీలకు ఎవరూ చెప్పలేదు. పిల్లలు పుట్టకుండా సూది అన్నారు, అంతే. 1986లో స్త్రీ శక్తి సంఘటన, ఢిల్లీలోని సహేలీ మరికొందరితో కలిసి సుప్రీంకోర్టుకు వెళ్లాయి. వాళ్లు అడిగిన ప్రశ్న ఇదే: ఒంట్లోకి సూది దిగకముందు ఆ ఒళ్లు గల మనిషికి ఏమేం తెలియాలి? 2008లో సమీరా కోహ్లీ కేసులో సుప్రీంకోర్టు చికిత్స ఏమిటి, ఎందుకు, లాభమేమిటి, వేరే మార్గాలేమిటి, ముఖ్యమైన ప్రమాదాలేమిటి అన్నవి చెప్పి తీసుకున్నదే సమ్మతి అని చెప్పింది. జబ్బుపడి ఆస్పత్రికి వెళ్లిన మనిషి సమ్మతి డాక్టరు గదిలో మొదలవుతుంది. ఇక్కడ అలా కాదు. జబ్బు లేని మనిషిని ఇంట్లోంచి లేపి తీసుకొచ్చేది ప్రకటన. ఆమె మనసులో నిర్ణయం జరిగిపోయేది కరపత్రం దగ్గరే. సంతకం వట్టి లాంఛనం. కాబట్టి చెప్పవలసిన సంగతి కరపత్రంలోనే చెప్పాలి అంటున్నాను.

మరి చట్టాలు లేవా? ఉన్నాయి, కాని ఒక్కొక్కటి ఒక్కొక్క తలుపు దగ్గర ఆగిపోతుంది. 1954 నాటి మందులు, మహిమల అభ్యంతరకర ప్రకటనల చట్టం ఉంది. కరపత్రం, లేబులే కాదు, నోటితో చెప్పినది, వెలుతురుతో, శబ్దంతో, చివరికి పొగతో రాసినది కూడా ప్రకటనే అంటుంది. అంత ముందుచూపు! ఏ జబ్బులకు మందు ఉందని ప్రకటించకూడదో చెప్పే 54 అంశాల పట్టికలో ఊబకాయం ఉంది, స్త్రీల వక్షోజాల ఆకృతి ఉంది. చర్మం తెల్లబడటం అందులో లేదు. 2020 ఫిబ్రవరిలో కేంద్ర ఆరోగ్య శాఖ ఆ పట్టికను 78కి పెంచుతూ, తెల్లబడటాన్నీ చేరుస్తూ, మొదటి తప్పుకు రెండేళ్ల జైలు, 10 లక్షల జరిమానా దాకా ప్రతిపాదిస్తూ ముసాయిదా బిల్లు బయటపెట్టింది. పత్రికల్లో పెద్ద పెద్ద శీర్షికలు వచ్చాయి. ముసాయిదా ముసాయిదాగానే ఉండిపోయింది.

డాక్టర్లకు 2002 నాటి వైద్య మండలి నియమావళి ఉంది. రోగులను ప్రకటనలతో పిలుచుకోకూడదు, చేసిన చికిత్సల గూర్చి గొప్పలు చెప్పుకోకూడదు. ప్రాక్టీసు మొదలుపెట్టాననో, చిరునామా మారిందనో చెప్పుకోవచ్చు. డాక్టరు నడిపే సంస్థ అయితే సంస్థ పేరు, ఎలాంటి రోగులను చేర్చుకుంటారు, వసతులు, ఫీజులు – ఇంతకుమించి ప్రకటనలో ఉండకూడదు. 2023 ఆగస్టులో కొత్త నియమావళి తెచ్చి, మూడు వారాలకే ఆపేసి, మళ్లీ 2002 దానినే అమల్లోకి తెచ్చారు. "ముందు – తర్వాత" ఫోటో గొప్పలు చెప్పుకోవడం కాక మరేమిటి? నా దృష్టిలో మన చౌరస్తా బోర్డులకు ఈ ఒక్క నియమం చాలు. కాని ఇది డాక్టర్లను మాత్రమే కట్టేస్తుంది. క్లినిక్కును కంపెనీ నడిపితే, బ్యూటీపార్లరులో లేజరు యంత్రం పెడితే, సినిమాతారో ఫోనులో కనిపించే అమ్మాయో ప్రచారం చేస్తే వైద్య మండలి చేయి అక్కడికి అందదు.

ప్రకటనలవాళ్లు తమకు తామే పెట్టుకున్న సంస్థ ఒకటి ఉంది, అడ్వర్టైజింగ్ స్టాండర్డ్స్ కౌన్సిల్, 1985 నుండి. దాని కథలో మన పాత్ర ఉంది. నల్లని కూతురు తెల్లబడి ఎయిర్ హోస్టెస్ ఉద్యోగం తెచ్చుకుంటే గాని తండ్రికి కొడుకు లేని లోటు తీరదని చెప్పిన ఫెయిర్ అండ్ లవ్లీ ప్రకటన మీద ఐద్వా 2002లో జాతీయ మానవ హక్కుల కమిషన్ దాకా వెళ్లి పోరాడింది. 2003లో కంపెనీ దాన్ని ఆపుకోవలసి వచ్చింది. 2014లో ఆ కౌన్సిల్ తెల్లబరిచే సరుకుల ప్రకటనలకు నియమాలు రాసింది. నల్లగా ఉన్నవాళ్లను దిగులుగానూ, పెళ్లికీ ఉద్యోగానికీ పనికిరానివాళ్లుగానూ చూపకూడదన్నారు. తర్వాత ఏమైంది? "తెలుపు" పోయి "గ్లో" వచ్చింది. 2020లో ఆ క్రీము పేరులోనే లవ్లీ ముందు ఫెయిర్ పోయి గ్లో చేరింది. మాట మారినా అమ్మేది అదే. అయితే కాదనగలిగినవాళ్లూ ఉన్నారు. "ఫిదా" సినిమాలో తెలంగాణ పిల్లగా వేసిన సాయిపల్లవి అలాంటి క్రీము ప్రకటనలో నటించనని చెప్పిన సంగతి 2019లో బయటికొచ్చింది. రెండు కోట్ల రూపాయలని పత్రికలు రాశాయి.

క్రీము అన్నాను కాబట్టి మరో సంగతి. క్లినిక్కుకు వెళ్లే స్తోమత లేనివాళ్లు మందుల షాపులో ట్యూబు కొనుక్కుంటారు. దేశంలోని 12 చర్మవైద్య కేంద్రాల్లో ముఖచర్మ సమస్యలతో వచ్చిన 2,926 మందిని పరీక్షించి 2011లో ప్రచురించిన అధ్యయనంలో 433 మంది, అంటే నూటికి దాదాపు 15 మంది, ముఖానికి స్టెరాయిడ్ పూసుకుంటున్నట్టు తేలింది. ఎక్కువమందికి దాన్ని చెప్పింది డాక్టరు కాదు. స్టెరాయిడ్ క్రీములను చీటీ లేకుండా అమ్మకూడదని 2018లో కట్టుదిట్టం చేశారు. ఆ చీటీ ఎవరు అడుగుతున్నారో మీకు తెలియనిది కాదు.

తెల్లబడే సెలైన్ అని మరొకటి వచ్చింది, గ్లూటాథియోన్. కాలేయ జబ్బుల్లో వాడే మందు. చర్మాన్ని తెల్లబరచడానికి అనుమతి పొందినది కాదు. ఫిలిప్పీన్స్ ఔషధ సంస్థ 2011లోనే దీని మీద ప్రజలను హెచ్చరించింది. మన మందుల నిబంధనల్లోని షెడ్యూల్ జె ప్రకారం ఏ మందూ చర్మాన్ని తెల్లబరుస్తానని చెప్పుకోకూడదు. అయినా "పెళ్లికి ముందు పది డ్రిప్పులు" అని ప్యాకేజీ కడుతున్నారు.

వేరే దేశాలు ఏం చేశాయో కొంచెం చూద్దాం. ఇంగ్లండులో 2021 అక్టోబరు 1 నుండి 18 ఏళ్లు నిండని వాళ్లకు అందం కోసం బొటాక్స్, ఫిల్లర్లు పొడవడం నేరం. మరుసటి ఏడు మే నుండి ఆ వయసు పిల్లల వైపు ఇలాంటి ప్రకటనలు గురిపెట్టకూడదన్నారు. ఫ్రాన్సు 2023 జూన్‌లో ఇన్‌ఫ్లుయెన్సర్లు అందం చికిత్సలకు ప్రచారం చేయడాన్ని నిషేధించింది. ఆస్ట్రేలియాలో 2025 సెప్టెంబరు 2 నుండి కోత లేని సౌందర్య చికిత్సల ప్రకటనలకు ప్రత్యేక నియమాలు అమల్లోకి వచ్చాయి. "నాకు బాగా తగ్గింది" అని రోగుల చేత చెప్పించడం అక్కడ అంతకుముందే చట్టవిరుద్ధం. ఇవి పరిపూర్ణమని నేననడం లేదు. కాని కోత లేని చికిత్స కూడా చికిత్సే, దాన్ని సబ్బులా అమ్మకూడదు అన్న ఒక్క గుర్తింపు అక్కడ వచ్చింది.

మన దగ్గర ఎవరినైనా పట్టగలిగిన చట్టం 2019 నాటి వినియోగదారుల రక్షణ చట్టం. డాక్టరైనా కంపెనీ అయినా పార్లరైనా డబ్బు తీసుకుని సేవ చేసినవాళ్లందరూ దీని కిందికి వస్తారు. వైద్యం వినియోగదారుల చట్టం కిందికి వస్తుందని సుప్రీంకోర్టు 1995లోనే తేల్చింది. తప్పుదారి పట్టించే ప్రకటనకు 10 లక్షల దాకా, మళ్లీ చేస్తే 50 లక్షల దాకా జరిమానా వేయగల కేంద్ర ప్రాధికార సంస్థ 2020 జూలైలో ఏర్పడింది. ప్రచారం చేసిన తారలను కూడా ఏడాది దాకా, మళ్లీ చేస్తే మూడేళ్ల దాకా ప్రకటనల నుండి దూరం పెట్టవచ్చు. 2022 జూన్ 9న ఆ సంస్థ ఇచ్చిన మార్గదర్శకాల్లో మనకు బంగారంలాంటి వాక్యం ఉంది. గొప్ప ఏ భాషలో చెబితే హెచ్చరిక కూడా ఆ భాషలోనే ఉండాలి, అక్షరాలూ అలాగే ఉండాలి. అంటే తెలుగులో "మెరుపు" అన్నవాడు తెలుగులోనే "కాలవచ్చు" అనాలి. పిల్లల్లో తమ శరీరం మీద తమకే చిన్నచూపు కలిగించే ప్రకటన కూడదని కూడా అందులో రాశారు. ఐఏఎస్ కోచింగ్ సెంటర్ల మీద ఇదే సంస్థ జరిమానాలు వేసింది. క్లినిక్కుల వైపు కూడా అదే చూపు తిప్పించాలి.

ఈ నియమాలకు తోడుగా మనం అడగవలసినవి నా లెక్కలో ఇవి. ప్రకటన మీద డాక్టరు పేరు, చదువు, రిజిస్ట్రేషన్ నంబరు ఉండాలి, యంత్రం ఎవరు పడతారో ఉండాలి. మందు పేరు, దేనికి అనుమతి పొందిందో చెప్పాలి. ఒక్క సిట్టింగు ధర కాదు, మొత్తం ఎంతవుతుందో, ఎంతకాలం నిలుస్తుందో రాయాలి. "ముందు – తర్వాత" బొమ్మలు తీసేయాలి. దీపం మార్చి, రంగు దిద్ది ఎవరి బొమ్మనైనా ఎలాగైనా చూపవచ్చు, దాన్ని సరిచూసే దారి మనకు లేదు. పెళ్లి, ఉద్యోగం, భర్త ప్రేమ – వీటి భయం చూపి పిలవకూడదు. పండుగ తగ్గింపులు అసలే వద్దు. డబ్బు కట్టిన తర్వాత ఆలోచించుకుని వెనక్కి తీసుకోవడానికి కొన్ని రోజులు గడువు ఉండాలి. ఇంత కట్టడి పెడితే నిజాయితీగా పనిచేసే డాక్టర్లకు నష్టం కాదా అని ఒక డాక్టరమ్మ నన్ను అడిగింది. 2002 నియమం పాటించి బోర్డు పెట్టని వాళ్లకు నష్టం ఇప్పటికే జరుగుతోందని చెప్పాను.

ఇక ఆ అమ్మాయి అడిగిన ప్రశ్న దగ్గరికి వస్తాను, పేరు బయటికొస్తే ఎలా అని. నష్టపరిహారం కావాలంటే ఆమే జిల్లా వినియోగదారుల కమిషన్‌కు వెళ్లాలి, రెండేళ్ల లోపల. కట్టిన డబ్బు 5 లక్షల లోపైతే ఫీజు లేదు. కాని ప్రకటన మీద ఫిర్యాదుకు బాధితురాలు అక్కర్లేదు. చట్టంలోని 17వ సెక్షను ప్రకారం తప్పుదారి పట్టించే ప్రకటన మీద ఫిర్యాదును కేంద్ర సంస్థకే కాదు, జిల్లా కలెక్టరుకు కూడా రాతపూర్వకంగా ఇవ్వవచ్చు. కలెక్టరు విచారణ జరిపి పైకి నివేదిక పంపవచ్చు. ఫోనులో అయితే 1915. డాక్టరు మీదైతే తెలంగాణ మెడికల్ కౌన్సిల్, క్లినిక్కుకు రిజిస్ట్రేషన్ ఉందా అన్నది జిల్లా వైద్యాధికారి, సూదిమందు సంగతి డ్రగ్ ఇన్‌స్పెక్టరు.

కాబట్టి మీ ఇంటికి వచ్చిన కరపత్రాన్ని పారేయకండి. తేదీ వేసి దాచండి. బోర్డయితే ఫోటో తీయండి, ఏ వీధిలోదో రాయండి. ఫోనులో వచ్చిందయితే అది మాయం కాకముందే పట్టి ఉంచండి. మూడు నెలల్లో మనందరం పోగుచేసినవి ఒకచోట పరిచి చూస్తే, ఏ మాట ఎన్నిసార్లు వచ్చిందో లెక్క తేలుతుంది.

మొదటిది నేను తెచ్చాను. ఆ అమ్మాయి బీరువాలోంచి తీసి ఇచ్చిన కరపత్రం ఇది. ముందువైపు తెలుగులో నా బొటనవేలంత అక్షరాలు. వెనక అడుగున ఒక్క వరస ఇంగ్లీషు, కళ్లద్దాలు పెట్టుకున్నా నాకు కనపడలేదు, మనవరాలు చదివి పెట్టింది – ఫలితాలు మనిషికీ మనిషికీ మారవచ్చు అని. వచ్చే సోమవారం ప్రజావాణిలో కలెక్టరుకు ఇచ్చే ఫిర్యాదుకు దీన్ని జతచేస్తున్నాం. సంతకాల కాగితం బల్ల మీద ఉంది. ఆ అమ్మాయి పేరు అందులో లేదు.